ఎవరి నాలుక, ఎవరి పద్యం?
హైస్కూలు తరగతిలో పద్యపఠన పోటీల గురించి

సెప్టెంబరు 28 జాషువా జయంతి. ఆ రోజు ఒక మండల కేంద్రంలోని హైస్కూల్లో పద్యపఠన పోటీ పెడితే మేము ముగ్గురం చూడ్డానికి వెళ్ళాం. తొమ్మిది, పది తరగతులు కలిపి రెండు వందల మంది దాకా పిల్లలున్నారు. పోటీకి నిలబడింది ఏడుగురు. ఆ ఏడుగురినీ ముందు రోజే తెలుగు మాస్టారు ఎంపిక చేసి పెట్టారు. వాళ్ళలో ఎస్సీ హాస్టలు నుంచి వచ్చిన పిల్ల ఒక్కతే. ఆమె 'గబ్బిలం'లోంచి రెండు పద్యాలు చదివింది. రాగం తియ్యలేదు, చేతులు ఊపలేదు. ఎదురుగా గబ్బిలం వేలాడుతున్నట్టు, దానికి కబురు చెప్పి పంపుతున్నట్టు చదివింది. వెనక బెంచీల్లో గుసగుసలు ఆగిపోయాయి.

మొదటి బహుమతి ఇంకో అబ్బాయికి వచ్చింది. అతనూ జాషువా పద్యమే చదివాడు, గొంతు బాగుంది, రాగం బాగుంది. పద్యం అర్థం ఏమిటని తర్వాత మేము అడిగితే నవ్వేశాడు. అది అతని తప్పు కాదు, అర్థం అడుగుతారని అతనికి ఎవరూ చెప్పలేదు. హాస్టలు పిల్ల గురించి న్యాయనిర్ణేత మైకులో ఇలా అన్నారు: "అమ్మాయి బాగానే చదివింది గానీ ఒత్తులు పలకలేదు. పద్యం అన్నాక ఉచ్చారణ శుద్ధి ఉండాలి గదా!"

బయటికొచ్చాక ఆ పిల్లని పలకరించాం. వచ్చే ఏడు మళ్ళీ చదువుతావా అంటే తల అడ్డంగా ఊపింది. "చదవను సార్. నాకు నోరు తిరగదంట."

గుడి తలుపులు తెరుచుకోక, గబ్బిలం చేత దేవుడికి కబురంపుకున్న అంటరాని మనిషి కథ 'గబ్బిలం'. ఆ కథను ఆ మనిషి మనవరాలు చదివితే నోరు తిరగదన్నారు. అదీ ఆ కవి పుట్టినరోజున. ఈ వ్యాసం రాయాలని మాకు అనిపించింది అక్కడే.

పద్యపఠన పోటీలు వద్దని మేము అనడం లేదు. ఇంకా ఎక్కువ జరగాలనీ, వేదిక మీద నుంచి తరగతి గదిలోకి రావాలనీ, ఏడుగురికి బదులు రెండు వందల మందీ నోరు విప్పాలనీ అంటున్నాం. అయితే పోటీ పద్ధతి మారకుండా పోటీల సంఖ్య పెరిగితే, నోరు తిరగదని అనిపించుకునే పిల్లల సంఖ్య మాత్రమే పెరుగుతుంది. అందుకని ఏది మార్చాలి, ఎట్లా మార్చాలి అన్నది ఉపాధ్యాయ మిత్రులతో, విద్యార్థి సంఘాల మిత్రులతో కలిసి ఆలోచిద్దామని ఈ ప్రయత్నం.

నాలుక మీద కాపలా

ఈ దేశంలో ఎవరు ఏమి పలకొచ్చో చెప్పడానికి శాస్త్రాలు రాసుకున్నారు. శూద్రుడు వేదం వింటే చెవుల్లో సీసం, లక్క పొయ్యాలనీ, పలికితే నాలుక కొయ్యాలనీ గౌతమ ధర్మసూత్రం చెప్పింది. చదువుకు అడ్డం చెప్పడమంటే పుస్తకం దాచెయ్యడం ఒక్కటే కాదు, నోటికి తాళం వెయ్యడం కూడా. అంబేద్కర్ హైస్కూల్లో సంస్కృతం చదువుకుంటానంటే చదవనివ్వలేదు. పారశీకం తీసుకోవాల్సి వచ్చింది. తర్వాత ఆయన సొంత కష్టంతో సంస్కృతం నేర్చుకున్నారు. ఆ గ్రంథాలను ఎట్లా విప్పి చూపించారో అందరికీ తెలుసు.

మన దగ్గర జాషువా అనుభవం చూద్దాం. 1895లో వినుకొండలో పుట్టిన ఆ కవి యువకుడిగా అదే ఊళ్ళో ఒక అవధాన సభలో తన పద్యాలు చదివినప్పుడు, తక్కువ కులంవాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు గొడవ చేశారు. పద్యంలో యతి తప్పిందని గానీ గణం తప్పిందని గానీ ఎవరూ అనలేదు. తప్పు పద్యంలో లేదు, చదివిన నోట్లో ఉందన్నారు. తర్వాత కాలంలో రాజమండ్రిలో మూకీ సినిమాలు ఆడే చోట తెర పక్కన నిలబడి కథ చెప్పే పనిలో ఆయన కొన్నాళ్ళు బతికారు. బొమ్మకు మాట లేని రోజుల్లో బొమ్మల తరపున మాట్లాడిన గొంతు అది. 'గబ్బిలం' వచ్చింది 1941లో. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. సభలోకి ఎందుకు రానిచ్చారన్న దగ్గర మొదలుపెట్టి గండపెండేరం దాకా నడవడానికి ఒక జీవితకాలం పట్టింది.

ఇవాళ సభలోంచి ఎవరూ బయటికి పొమ్మనరు. చట్టం ఉంది, జయంతులున్నాయి, పటానికి దండలున్నాయి. కాపలా మాత్రం పూర్తిగా పోలేదు, గుమ్మం దగ్గర్నుంచి మార్కుల కాగితం మీదికి మారింది. 'ఉచ్చారణ శుద్ధి – 10 మార్కులు' అన్న గడిలో అది ఇంకా కూర్చుని ఉంది.

ఉచ్చారణ సంగతి

ఉచ్చారణ శుద్ధి అంటే ఏమిటో కాస్త విడమరిచి చూద్దాం. పోటీల్లో ఎక్కువగా పట్టుకునే తప్పులు మూడు: ఖ, ఘ, ఛ, ధ, భ లాంటి మహాప్రాణాలు పలక్కపోవడం, శ-ష-స తేడా చూపకపోవడం, ళ-ల, ణ-న కలిసిపోవడం.

మహాప్రాణాలు తెలుగుకు సొంతం కావు, సంస్కృతం నుంచి మాటలతో పాటు వచ్చినవి. ఈ మాట మేము కొత్తగా కనిపెట్టింది కాదు. చిన్నయసూరి బాలవ్యాకరణమే తెలుగుకు వర్ణాలు ముప్పైఆరు అని లెక్క చెప్పి మహాప్రాణాలను ఆ లెక్కలోకి తీసుకోలేదు. మాట్లాడేటప్పుడు 'భార్య'ను 'బార్య' అనీ, 'ధనం'ను 'దనం' అనీ అనేవాళ్ళు అన్ని కులాల్లోనూ ఉన్నారు. టీచర్లున్నారు, మంత్రులున్నారు, మేమూ ఉన్నాం. అయితే వేరే ఇంటి పిల్లాడు అంటే అది అలవాటు అవుతుంది, వాడ నుంచి వచ్చిన పిల్ల అంటే 'మీ వాళ్ళకి నోరు తిరగదు' అవుతుంది. తప్పు ఒకటే, దాని పేరు మాత్రం మనిషిని బట్టి మారుతోంది.

ఇంకో వైపు నుంచి చూడండి. ఇంట్లో రోజూ స్తోత్రాలు, దండకాలు వింటూ పెరిగిన పిల్లలకు ఆ అక్షరాలు బడికి రాకముందే నోట్లో ఉంటాయి. బడి నేర్పిన దానికి మార్కులిస్తే అది పరీక్ష. ఇంట్లో అబ్బిన దానికి మార్కులిస్తే అది ఇంటిపేరుకు ఇచ్చినట్టే. ఒత్తులు నేర్పొద్దని మేము అనడం లేదు. నేర్పండి, తప్పకుండా నేర్పండి. ఎనిమిదో తరగతిలోనే అందరికీ కలిపి నేర్పండి. రేపు రేడియోలో చదవాలన్నా, కోర్టులో వాదించాలన్నా, మీటింగులో మాట్లాడాలన్నా అది పనికొస్తుంది. నేర్పకుండా కోత కొయ్యడాన్నే మేము తప్పంటున్నాం.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఆంధ్రలో ఈ పోటీలు ఎక్కువగా ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం పేరుతో జరుగుతాయి. అది గిడుగు రామమూర్తి పుట్టినరోజు. జనం మాట్లాడే తెలుగు బడిలోకి రావాలని జీవితమంతా కొట్లాడిన మనిషి ఆయన. అడవిలో సవరల భాష నేర్చుకుని వాళ్ళ పిల్లలకు వాళ్ళ భాషలో చదువు చెప్పించాలని తపించిన మనిషి. తెలంగాణలో 2014 నుంచి సెప్టెంబరు 9న, కాళోజీ పుట్టినరోజున భాషా దినోత్సవం జరుపుతున్నారు. ఆయన బడిపలుకుల భాషను కాదని పలుకుబడుల భాష కావాలన్నవాడు. ఈ ఇద్దరి పటాల ముందూ నిలబెట్టి పిల్లల యాసకు మార్కులు కోస్తున్నాం. పటం వెనక మనిషి ఏమన్నాడో పిల్లలకు చెప్పినా కొంత మేలు జరిగేది.

వాడలో పద్యం ఎప్పుడూ ఉంది

దళిత పిల్లలకు పద్యం పరాయిదనే మాట ఒకటుంది. మనవాళ్ళలోనే కొందరు అభ్యుదయంగా ఆలోచించి ఆ మాట అంటారు. 'పద్యం వాళ్ళది, పాట మనది' అని. మా పరిశీలనలో ఇది సగమే నిజం.

కోస్తా పల్లెల్లో సత్యహరిశ్చంద్ర నాటకం ఆడని ఊరు అరుదు. కాటి సీను వచ్చేసరికి తెల్లవారుజాము అవుతుంది, హార్మోనియం శ్రుతి పెరుగుతుంది, జనం 'వన్స్ మోర్' అని అరుస్తారు. ఆ శ్మశానం సీనులో నటులు పాడే పద్యాల్లో జాషువా రాసినవి కలిసిపోయాయి. నాటకం బలిజేపల్లి వారిదైనా జనం నోట్లో నిలిచిన పద్యాలు ఇవి. వాడల్లో అక్షరం ముక్క రాని తాతలు ఈ పద్యాలను రాగంతో సహా అప్పజెప్పేవారు. కూలి చేసుకుంటూ, ఎడ్ల వెనక నడుస్తూ పాడుకునేవారు. ఏ పుస్తకంలో చదివి నేర్చుకున్నారు వాళ్ళు? చెవితో పట్టుకుని గొంతులో దాచుకున్నారు.

తెలంగాణకు వస్తే చిందు భాగవతం ఉంది. చిందువాళ్ళు రాత్రంతా యక్షగానం ఆడతారు, చేతిలో కాగితం ఉండదు. పద్యం, దరువు, వచనం అన్నీ నోటికి ఉంటాయి. 2005లో కన్నుమూసిన చిందుల ఎల్లమ్మ ఆ కళతోనే దేశమంతా పేరు తెచ్చుకుంది. డక్కలివాళ్ళు మాదిగలకు జాంబపురాణం చెప్తారు. సృష్టికి ముందే జాంబవ ముని పుట్టాడని చెప్పే పురాణం అది. పుస్తకం చేతికివ్వని సమాజంలో తమ చరిత్రను తామే మోసుకొచ్చిన గొంతులు ఇవి.

ఇంతటి ధారణ ఉన్న ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలకు 'కంఠస్థం రాదు' అని రిపోర్టు రాస్తున్నాం. వాళ్ళకు రానిది కంఠస్థం కాదు. ఎవరి పద్యమో, ఎందుకు చదువుతున్నామో తెలియకుండా ప్రతిపదార్థం కోసం బట్టీ పట్టడం వాళ్ళకు రాదు. అది ఎవరికి వస్తుంది?

ఏ కవితలు పెట్టాలి

ఇప్పుడు పోటీలకు పెట్టేది ఎక్కువగా పోతన, శతకాలు, పాఠ్యపుస్తకంలో చుక్క గుర్తు ఉన్న పద్యాలు. వాటిని తీసెయ్యమని మేము అడగడం లేదు. ముప్పై కవితల జాబితా ఒకటి తయారు చెయ్యండి. అందులో పదో వంతో, చివరి పేజీలోనో కాకుండా, సగం జాబితా ఇప్పటిదాకా బయట నిలబెట్టిన గొంతులతో నింపండి.

జాషువా ఎటూ ఉంటారు. గరిమెళ్ళ తెల్లదొరతనం పాటకు జవాబుగా నల్లదొరతనం వద్దన్న కుసుమ ధర్మన్న ఉండాలి. 'గుడిసెలు కాలిపోతున్నై'తో 1975లో సాహిత్య అకాడమీ అందుకున్న బోయి భీమన్న ఉండాలి. 1985 కారంచేడు, 1991 చుండూరు తర్వాత పుట్టుకొచ్చిన వచన కవిత ఉండాలి. దాన్ని ఒక్కచోట చూడాలంటే 1995లో వచ్చిన 'చిక్కనవుతున్న పాట', ఆ తర్వాత 1996లో వచ్చిన 'పదునెక్కిన పాట' సంకలనాలున్నాయి. శిఖామణి, ఎండ్లూరి సుధాకర్, మద్దూరి నగేష్ బాబు, కలేకూరి ప్రసాద్ కవితల్లో హైస్కూలు పిల్లలు పట్టుకోగలిగినవి చాలా ఉన్నాయి. ఆడపిల్లల గొంతుకు ఆడవాళ్ళ కవిత్వం కావాలి. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు'లో దళిత స్త్రీల రాతలు ఒక్కచోట దొరుకుతాయి. చల్లపల్లి స్వరూపరాణి, జూపాక సుభద్ర పుస్తకాలున్నాయి. సుభద్ర కవిత చదివినప్పుడు యాస తప్పు కాదు, యాస లేకపోతేనే తప్పు. అది పిల్లలందరికీ తెలిసొచ్చే పాఠం.

వచన కవితతో పాటు పాటా ఉండాలి. ఇంట్లో అమ్మమ్మ పాడే నాట్ల పాటనో బతుకమ్మ పాటనో విని రాసుకొచ్చి చదువుతానంటే ఒప్పుకోవాలి. అట్లా రాసుకొచ్చిన పాట ఆ బడి లైబ్రరీలో ఒక నోటుపుస్తకంలో చేరితే, పదేళ్ళలో ఆ ఊరి సాహిత్య చరిత్ర అదే తయారవుతుంది.

శతకాల విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. సుమతీ శతకంలో, వేమన పేరుతో చలామణి అవుతున్న పద్యాల్లో కూడా కొన్ని కులాలనీ ఆడవాళ్ళనీ కించపరిచేవి ఉన్నాయి. అలవాటు కొద్దీ వాటిని పిల్లల చేత చదివించకండి. పెద్ద తరగతుల్లో చర్చకు పెట్టొచ్చు, కంఠస్థానికి మాత్రం వద్దు. వేమనలో మిగిలింది తక్కువేమీ కాదు. ఆటవెలది చిన్న ఛందస్సు. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, రెండు, నాలుగు పాదాల్లో అయిదు సూర్యగణాలు. మాట్లాడే మాటకు దగ్గరగా నడుస్తుంది, ఒక్క గుక్కలో ఒక పాదం సాగిపోతుంది. మొదటిసారి నిలబడే పిల్లలకు అంతకంటే మంచి మెట్టు లేదు.

అన్నింటికంటే ముఖ్యమైన సంగతి, కవితను ఎంచుకునేది పిల్లలే కావాలి. ఒక బళ్ళో టీచరు మంచి మనసుతోనే 'దళిత కవిత' చీటీని దళిత పిల్లాడి చేతిలో పెట్టి "ఇది నీది గదా, నువ్వు చదువు" అనడం మేము విన్నాం. ఆ పిల్లాడు తల దించుకున్నాడు. మంచి మనసుతో చేసినా అది వేరుగా కూర్చోబెట్టడమే. ఆ పిల్లాడు పోతనను ఎంచుకుంటే ఆనందంగా చదవనివ్వాలి, ఆ పద్యం మీద అతనికీ హక్కుంది. అగ్రకులాల పిల్లలు 'వెలివాడ'ను ఎంచుకుంటే ఇంకా మంచిది. వెలివేసిన వాళ్ళ మాట తమ నోటితో పలికినప్పుడు ఏమనిపిస్తుందో వాళ్ళకూ తెలియాలి.

తరగతిలో ఎట్లా జరపాలి

అమెరికాలో 'పొయెట్రీ ఔట్ లౌడ్' అని హైస్కూలు పిల్లలకు ఒక కవితాపఠన పోటీ ఉంది. 2006లో దేశమంతటా మొదలైంది. అందులో రెండు పద్ధతులు మనకు పనికొస్తాయి. పోటీ తరగతి గదిలో మొదలై బడికి, రాష్ట్రానికి, దేశానికి పోతుంది గానీ ఎంపిక చేసిన నలుగురితో మొదలవదు. ఇంకోటి, కవిత అర్థమైందా లేదా అన్నదానికి విడిగా మార్కులుంటాయి, మాట పొల్లుపోకుండా చదివారా లేదా అన్నది కాగితం చేతిలో పెట్టుకుని వేరే మనిషి చూస్తాడు. మిగతాది మన తరగతులకు తగ్గట్టు మనమే చేసుకోవాలి.

నలభై మంది ఉన్న తరగతి అనుకుందాం. మనిషికి రెండు నిమిషాలు ఇస్తే ఎనభై నిమిషాలు, అంటే రెండు పీరియడ్లు. దీనికి సిలబస్ ఆగిపోదు. ముందు తయారీకి మూడు వారాలు, వారానికి ఒక పీరియడు చాలు.

మొదటి వారం జాబితా గోడకు అంటించి, టీచరు నాలుగైదు కవితలు తానే చదివి వినిపించాలి. తడబడితే తడబడ్డట్టే చదవాలి. టీచరు తడబడ్డం చూసిన పిల్లలకు భయం సగం పోతుంది. పిల్లలు ఎవరికి వాళ్ళు ఒకటి ఎంచుకుని, ఎందుకు ఎంచుకున్నారో రెండు వాక్యాలు రాయాలి.

రెండో వారం అర్థం. ప్రతిపదార్థం కాదు. ఈ కవితలో మాట్లాడేది ఎవరు, ఎవరితో మాట్లాడుతున్నారు, కోపంతోనా, దిగులుతోనా, ఎగతాళిగానా? ఈ ప్రశ్నలకు జవాబు దొరికితే ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో అదే తెలుస్తుంది. పద్యం చదివేటప్పుడు ఒక మెలకువ చెప్పాలి. తెలుగు పద్యంలో మాట ఒక పాదంలో మొదలై ఇంకో పాదంలోకి పోతుంది. పాదం అయిపోయిందని టక్కున ఆగితే మాట తెగిపోతుంది. యతి ఉన్నచోట కూడా ఆగాల్సిన పని లేదు, అది అక్షరాల పొత్తు మాత్రమే. అర్థం ఎక్కడ ముగిస్తే అక్కడ ఊపిరి తీసుకోవాలి.

ఈ వారంలోనే ఇంకో పని ఉంది. అంటరానితనం గురించిన కవిత అన్ని కులాల పిల్లలున్న తరగతిలో చదివినప్పుడు కొందరు నవ్వొచ్చు, కొందరు ఒకరి వైపు చూడొచ్చు. టీచరు ముందే మాట్లాడాలి. ఏ ఊళ్ళో ఏం జరిగింది, చట్టం ఏం చెప్తోంది, ఇది ఎవరి సిగ్గు అన్నది తేల్చి చెప్పాలి. ఆ మాట చెప్పే ధైర్యం లేకపోతే ఆ కవిత తరగతిలోకి తేవద్దు. సగంలో వదిలేస్తే గాయపడేది ఆ బెంచీ మీద కూర్చున్న పిల్లలే.

మూడో వారం జోడీలుగా సాధన. ఒకరు చదువుతుంటే ఇంకొకరు కాగితం పట్టుకుని వినాలి. జోడీలు కులానికో హాస్టలుకో ఒకటిగా కాకుండా కలిపి వెయ్యాలి. హాస్టలు పిల్లలకు సాయంత్రం స్టడీ అవర్లో పావుగంట దొరికితే చాలు, ఒక్క చెట్టు కింద పదిమంది సాధన చేసుకుంటారు.

నాలుగో వారం తరగతి పోటీ. అందరూ చదువుతారు. మరిచిపోతే జోడీ మనిషి మాట అందిస్తారు, దానికి మార్కు పోవచ్చు గానీ పరువు పోకూడదు. నత్తి ఉన్నవాళ్ళు, మరీ బెదిరేవాళ్ళు ఇద్దరు ముగ్గురు కలిసి చదవొచ్చు. ఒక్కో సెక్షను నుంచి ఇద్దరు బడి పోటీకి వెళ్తారు. బడి పోటీకి ముగ్గురు న్యాయనిర్ణేతలుండాలి: ఒక తెలుగు టీచరు, ఒక లెక్కలో సైన్సో చెప్పే టీచరు, మూడోవారు ఊళ్ళోని కళాకారుడో కళాకారిణో. హరిశ్చంద్ర పద్యం పాడే తాతను, చిందు ఆడే అక్కను, డప్పు దళంలో పాడే అన్నను కుర్చీ వేసి కూర్చోబెట్టండి. తన పిల్లల బళ్ళో తనకు కుర్చీ వేసిన రోజు ఆ మనిషికి ఎట్లా ఉంటుందో, చూస్తున్న పిల్లలకు ఎట్లా ఉంటుందో ఆలోచించండి.

మార్కులు ఎట్లా వెయ్యాలి

మేము ఆలోచించిన పద్ధతి ఇది. మొత్తం 50. కవిత అర్థమై చదివారా అన్నదానికి 15. గొంతు చివరి బెంచీకి వినపడిందా, మాట స్పష్టంగా ఉందా అన్నదానికి 10. భావానికి తగ్గ చదువు ఉందా అన్నదానికి 10. మాటలు జారిపోకుండా చదివారా అన్నదానికి 10. ఎందుకు ఎంచుకున్నారో ముందు చెప్పే రెండు మాటలకు 5. అర్థం తెలుసుకోవడానికి చదువు అయ్యాక ఒక్క ప్రశ్న అడగాలి, చిన్నది.

ఇందులో రాగానికి మార్కులు లేవు. పాడదలచుకుంటే పాడొచ్చు, పాడినందుకు ఎక్కువా లేదు, పాడనందుకు తక్కువా లేదు. సంగీతం క్లాసుకు పంపగల ఇంటికి ఇక్కడ లాభం ఉండకూడదు. వేషం, ప్రత్యేకమైన బట్టలు వద్దు, అందరూ బడి యూనిఫారంలోనే. ఒత్తులకూ యాసకూ మార్కులు లేవు, కోతా లేదు. మాట పొల్లుపోవడం అంటే మాట మారిపోవడం లేదా ఎగిరిపోవడం. 'భూమి'ని 'బూమి' అంటే భూమి ఎక్కడికీ పోదు.

బహుమతిగా స్టీలు గిన్నెలు, షీల్డులు కాక పుస్తకాలు ఇవ్వండి. చదివిన ప్రతి పిల్లకూ తాను ఎంచుకున్న కవిత అచ్చు వేసిన కాగితం ఒకటి, కింద కవి పేరు, దాని కింద ఆ పిల్ల పేరు. ఖర్చు ఒక్క రూపాయి. ఇంట్లో గోడకు అంటుకునేది అదే.

కొన్ని అభ్యంతరాలు

'మన పిల్లలకు కావాల్సింది ఇంగ్లీషు. ఈ పద్యాలెందుకు?' అని మనవాళ్ళే అడుగుతారు. ఇంగ్లీషు కావాలన్న మాటతో మాకు పేచీ లేదు. దొరల పిల్లలకు కాన్వెంటు, మన పిల్లలకు మాతృభాష మీద ప్రేమ అన్న నీతిని మేమూ ఒప్పుకోం. అయితే పదిమంది ముందు నిలబడి, తల ఎత్తి, ఒక మాటను చివరిదాకా చెప్పగలగడం ఏ భాషలోనైనా ఒకటే విద్య. అది తెలుగులో వచ్చిన పిల్లకు ఇంగ్లీషులోనూ వస్తుంది. జాబితాలో రెండు ఇంగ్లీషు కవితలు, ఉర్దూ పిల్లలుంటే ఉర్దూ కవితలు, తండాల నుంచి వచ్చేవాళ్ళుంటే లంబాడీ పాటలు చేర్చండి.

'అందరి చేతా చదివిస్తే ప్రమాణం పడిపోతుంది' అని ఇంకో వైపు నుంచి అంటారు. ఏడుగురు చదివి నూటతొంభైముగ్గురు నోరు మూసుకుని కూర్చుంటే అది ఎవరి ప్రమాణం? రిజర్వేషన్ల మీద వినపడే మాటే ఇక్కడా వినపడుతోంది. ఎంపికకు ముందే వడపోసి, మిగిలినవాళ్ళను చూపించి ప్రతిభ అనడం పాత అలవాటు.

'పోటీ ఎందుకు, ఊరికే చదివించొచ్చుగా' అని మాలోనే ఒకరు వాదించారు. పోటీలో ఓడిన పిల్ల మళ్ళీ నోరు మూసుకుంటుందని ఆమె భయం. ఆ భయంలో నిజముంది, మొదట చెప్పిన హాస్టలు పిల్లే దానికి సాక్ష్యం. చర్చించి మేము వచ్చిన ముగింపు ఇది: తరగతి స్థాయిలో గెలుపోటములు ప్రకటించకుండా మార్కుల కాగితం పిల్లలకు విడిగా ఇవ్వాలి. బడి స్థాయిలో మాత్రమే బహుమతులు. మైకులో ఎవరి తప్పులూ చదవకూడదు. ఆ ఒక్క నియమం ఉండి ఉంటే ఆ రోజు ఆ పిల్ల ఆ మాట అనుకునేది కాదు. పోటీ పూర్తిగా తీసెయ్యాలన్న మా మిత్రురాలి వాదన మాత్రం ఇంకా అట్లాగే ఉంది. చేసి చూసిన టీచర్లు రాస్తే తేలుతుంది.

చివరగా

పోటీ అయ్యాక కథ బళ్ళోనే ఆగిపోకూడదు. ఏప్రిల్ 14 వస్తుంది. వాడలో అంబేద్కర్ విగ్రహం దగ్గర ప్రతి ఏడూ మైకు పెడతారు, బయటి నుంచి వచ్చిన వక్తలు మాట్లాడతారు. ఈసారి ముందు ఒక గంట బడిపిల్లలకు ఇవ్వమని సంఘాల మిత్రులను కోరుతున్నాం. ఏ కులం పిల్లలైనా రావొచ్చు, తాము ఎంచుకున్న కవిత చదవొచ్చు. తాతలు నాటకం పద్యం అందుకుంటే అందుకోనివ్వండి.

ఆ హాస్టలు పిల్ల ఇప్పుడు పదో తరగతికి వచ్చింది. వాళ్ళ హాస్టల్లో మేము ఒక ఆదివారం ఈ పద్ధతి ప్రకారం చదివించి చూశాం. ఆమె మొదట పక్కకు జరిగింది. అందరూ చదివాక, ఎవరూ అడక్కుండానే లేచి, అవే రెండు పద్యాలు చదివింది. 'భ'లు ఈసారీ 'బ'లే. అర్థం ఏమిటని మేము అడిగాం. "గుడిలోకి మమ్మల్ని రానియ్యరు, గబ్బిలాన్ని రానిస్తరు. అందుకే దానికి చెప్తున్నడు సార్" అంది.

పదిహేను మార్కులూ వేశాం.